డాక్టరమ్మ చోటు

సోమవారం పొద్దున మిలుంక బకెట్టూ గట్టి బ్రష్షూ పట్టుకుని చర్చి వెనక శ్మశానానికి వెళ్ళింది. అత్తగారు క్రూనియ మంచం పట్టి నెల దాటింది. ఇవాళో రేపో అన్నట్టుంది. చావు ఇంటికొచ్చే వేళకి సమాధిరాయి మీద పాచి కనిపిస్తే దోన్యా లీపా ఊరు ఊరంతా నవ్వుతుంది. ఇంకే పనికీ ఒళ్ళు వంచని ఊరు, నవ్వడానికి మాత్రం ముందుంటుంది.

రాయి మీద మూడు పేర్లున్నాయి. క్రూనియ తండ్రి ఒబ్రాద్, తల్లి స్తానా, వాళ్ళ పక్కన, మొదటి ప్రపంచ యుద్ధంలో వైద్యం చెయ్యడానికి ఎడింబరో నుంచి వచ్చిన డాక్టర్ హెస్టర్ డన్లప్. మొదటి ఇద్దరికీ పుట్టిన ఏడూ పోయిన ఏడూ ఉన్నాయి. డాక్టరమ్మకి మాత్రం 1879 అని పుట్టిన ఏడు, పక్కన ఒక గీత, గీత తర్వాత ఖాళీ. కాపురానికొచ్చిన నాటినుంచీ మిలుంక ఆ ఖాళీని వేలికి గుడ్డ చుట్టుకుని తుడుస్తూనే ఉంది. ఇవాళ వేలికి గరుగ్గా తగిలింది. వంగి చూసింది. ఖాళీలో 1915 అని చెక్కి, పైన బంగారు రంగు పూశారు.

ఈ ప్రాంతంలో సమాధిరాయి బతికుండగానే నిలబెట్టుకుంటారు. మొగుడు పోతే పెళ్ళాం పేరు కూడా అప్పుడే చెక్కించేస్తారు, ఒక కూలితో పోతుందని. పోయే ఏడు ఒక్కటే వదిలేస్తారు. ఆదివారాలు వచ్చి తమ పేర్లు తామే తుడుచుకునే ముసలమ్మలు ఊళ్ళో బోలెడుమంది. ఖాళీ ఉందంటే మనిషి ఉన్నట్టు లెక్క. అందులో ఎవరో వచ్చి అంకె వెయ్యడమంటే మనిషి గొంతు నులిమినట్టే.

"ఎవడు చేశాడిది?" అని అరిచింది మిలుంక.

గోతులు తవ్వే త్సోలె అవతలి వరసలోంచి తల ఎత్తాడు. "నా మీద అరవకు వదినా. శుక్రవారం మునిసిపాలిటీవాళ్ళు రాతిపనివాణ్ణి తెచ్చారు. ల్యుబిత్స మేడమ్ దగ్గరుండి చెక్కించింది."

"ఈవిడ ఎప్పుడు పోయిందో వాళ్ళకెవరు చెప్పారు?"

"యుద్ధంలో, టైఫస్‌తో పోయిందట. పుస్తకంలో ఉందిట."

"ఎవరి పుస్తకం?"

"మేడమ్‌దే."

మిలుంక బకెట్టులో నీళ్ళు అక్కడే పారబోసి, తిన్నగా మునిసిపాలిటీకి నడిచింది.

చచ్చినవాడి కళ్ళు చారెడని సామెత. దోన్యా లీపా మునిసిపాలిటీ ఆ సామెత మీదే బతుకుతోంది. బతికున్నవాళ్ళ వీధిలో నీళ్ళ గొట్టం పగిలితే మూడు వారాలు పలకరు. నూరేళ్ళనాటి వీరనారి కోసం మాత్రం చౌరస్తా మొత్తం పెళ్ళగించి పాలరాయి పరిచారు. మధ్యలో నల్లరాతి దిమ్మె, దిమ్మెలో ఒక గూడు. శ్మశానంలోంచి డాక్టరమ్మ ఎముకలు తవ్వి తెచ్చి ఆ గూట్లో పెట్టాలని ప్రెసిడెంటు స్రెతెన్‌గారి సంకల్పం. శనివారం ఎడింబరో నుంచి అతిథులొస్తున్నారు. అతిథులతో పాటు ఏదో వంతెనకి డబ్బు కూడా వస్తుందని వినికిడి.

మెట్లెక్కగానే అద్దాల బీరువా. అందులో ఎర్ర మఖ్మలు మీద కత్తెర. కట్లు కొయ్యడానికి వాడే వంకర కత్తెర, ఒక మొన మొండిగా, పిడి మీద హెచ్.డి. అని చెక్కి ఉంది. మూడు వారాల ప్రదర్శనకని ల్యుబిత్స మేడమ్ క్రూనియ దగ్గర తీసుకుని మూడేళ్ళయింది. కింద చీటీ మీద 'మృత్యువు తాకే క్షణం దాకా వీరనారి చేతిలో మెరిసిన కత్తెర' అని రాసి ఉంది. ఆ కత్తెర క్రూనియ పెట్టెలో దూది కింద మెరవకుండానే పడి ఉండేది.

ల్యుబిత్స మేడమ్ సంస్కృతి విభాగం చూస్తుంది. ఎవరితో మాట్లాడినా అవతలివాళ్ళ నెత్తికి ఒక జానెడు పైన చూస్తుంది.

"ఆ అంకె తీయించండి మేడమ్. ఆవిడ 1915లో పోలేదు."

"మిలుంకగారూ, ఆ ఏడు ఇక్కడ టైఫస్ ఉప్పెన. డాక్టర్లు పిట్టల్లా రాలిపోయారు."

"రాలినవాళ్ళు రాలారు. ఈవిడ రాలలేదు. మా అత్త పుట్టిందే 1926లో. ఆమె పుట్టువెంట్రుకలు ఈ కత్తెరతో తీసింది ఈవిడే. మా అత్తకి కూమ." 

కూమ అంటే ఈ దేశంలో తల్లి తర్వాత తల్లి. జుట్టు తీసిన కూమ మాట జవదాటితే పంట కూడా పండదంటారు.

మేడమ్ జాలిగా నవ్వింది. "జ్ఞాపకం ఆధారం కాదండీ. ముసలివాళ్ళకి అన్నీ కలిసిపోతాయి. రాయి చూడండి. ఇంకో దేశం మనిషి పేరు సమాధి మీద ఎందుకుంటుంది, అక్కడ పూడ్చకపోతే? ఏడు చెక్కించడానికి పాపం మీవాళ్ళ దగ్గర డబ్బు లేకపోయి ఉంటుంది. మేం చెక్కించాం. థాంక్స్ చెప్పక్కర్లేదు."

లోపలి గది తలుపు తీసుకుని స్రెతెన్‌గారు వచ్చాడు. ఎన్నికలున్నా లేకపోయినా అందరి భుజాలూ తట్టే మనిషి.

"చెల్లెమ్మా మిలుంకా! సంతకం పెట్టడానికొచ్చావా? సమాధి మీ కుటుంబానిది కాబట్టి తవ్వడానికి మీ ఒప్పుకోలు ఒక్కటే మిగిలింది."

"నేను ఇంకొకటి అడగడానికొచ్చాను. మా అత్త ఈ వారం దాటదు. ఆమెని ఆ మూడో చోట పూడుస్తాం. అది ఖాళీ చోటు."

స్రెతెన్‌గారి చెయ్యి భుజం మీదనుంచి లేచిపోయింది. "పాత శ్మశానం మూసేశాం కదమ్మా. పైగా అది రక్షిత స్థలం. వీరనారి ఎముకల మీద ఇంకో ముసలమ్మనా? పెద్దరోడ్డు అవతల కొత్త శ్మశానం ఉంది. బోలెడంత గాలి."

"చెత్తకుప్ప పక్కన గాలికేం కొదవ," అంది మిలుంక. "డాక్టరమ్మ అక్కడ లేదు ప్రెసిడెంటుగారూ. బతికి ఇంటికెళ్ళిపోయింది."

స్రెతెన్‌గారు మేడమ్ వైపు చూశాడు. తరవాత గొంతు తగ్గించి, పసిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "బతికి వెళ్ళినవాళ్ళకి ఒక సందు పేరు పెడతారమ్మా. చచ్చినవాళ్ళకే చౌరస్తా."

పెరట్లో బుంగమిరపకాయలు రెండు బస్తాలున్నాయి. పచ్చడి సీజను, చావొస్తోందని కాయలు ఆగవు. మిలుంక రేకు పొయ్యి మీద కాయల్ని ఒక్కొక్కటీ తిప్పుతూ నల్లగా కాల్చి, మూత పెట్టిన గిన్నెలో వేస్తోంది. మెత్తబడ్డాక బొటనవేలితో తొక్క ఒలిచి, తొడిమె పట్టుకుని గింజలు దులుపుతోంది. వేళ్ళు మండుతున్నాయి. కోపం వచ్చినప్పుడల్లా తొక్కతో పాటు కండ కూడా ఊడొస్తోంది. కిటికీ తెరిచి ఉంది. కిటికీ అవతల మంచం మీద క్రూనియ, కాలిన మిరప వాసన పీలుస్తూ.

మొగుడు విదోయె గేటు దగ్గరే టోపీ తీశాడు. మునిసిపాలిటీ చెత్త బండి నడుపుతాడు. ప్రెసిడెంటు పేరు వింటే బండి దానంతటదే పక్కకి ఆగుతుంది.

"పెద్దాయన పిలిచాడే. సంతకం పెట్టించమన్నాడు. నాకింకా ఏడేళ్ళుంది పింఛనుకి."

"మీ అమ్మని చెత్తకుప్ప దగ్గర పూడిస్తే నీకు సుఖమేలే. పొద్దునా సాయంత్రం బండిలోంచే దణ్ణం పెట్టుకోవచ్చు."

"నేనేం చెయ్యనే?"

"ఆ కాయలు తిప్పు."

విదోయె కాయలు తిప్పాడు. అది మాత్రం బాగా తిప్పుతాడు. మిలుంక చేతులు కడుక్కుని లోపలికెళ్ళింది.

"ఏమే కోడలా, అరుస్తున్నావు?"

దాచి లాభం లేదు. మిలుంక అంతా చెప్పింది. అంకె సంగతి వినగానే ముసలమ్మ దుప్పటి మీద వేళ్ళు ముడుచుకుంది.

"చంపేశారూ? అడక్కుండానే?"

"ఊఁ."

"యుద్ధంలో దెబ్బతిన్న మా నాన్న కాలు అందరూ కోసేద్దామన్నారు. డాక్టరమ్మ ఒక్కత్తే వద్దంది. ఆ కాలితోనే చర్చికి నడిచెళ్ళి ఆవిణ్ణి చెల్లెలుగా ఒట్టేసుకున్నాడు. చెల్లెలంటే పుట్టింటి మట్టిలో చోటుండాలి కదా. యుద్ధం అయ్యాక రెండుసార్లొచ్చింది. ఒకసారి నా జుట్టు తీసి, ఆ కత్తెర నాకే ఇచ్చిపోయింది. రెండోసారి నాకు పదకొండేళ్ళు. అప్పటికే నాన్న రాయి పెట్టించాడు. తన పేరు తనే చూసుకుని ఎంత నవ్విందో తెలుసా? రాయి పట్టుకుని నవ్వింది. నాన్నకి కోపమొచ్చింది కూడాను." క్రూనియ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "నా చెవి పట్టుకుని, వచ్చీరాని మాటల్లో అంది కదా, 'దూరం మనిషిని, నేను రాలేకపోతే నా చోట్లో నువ్వు పడుకో, పాడు పెట్టకు' అని. తరవాత మళ్ళీ యుద్ధం. కబురు లేదు."

"మామగారి పక్కన పడుకోకూడదా అత్తా, వాళ్ళ ఊళ్ళో?" మిలుంక ఊరికే అడిగింది. జవాబు తెలుసు.

"ఆయన మొదటి పెళ్ళాం పక్కన హాయిగా పడుకున్నాడు. ముగ్గురం ఇరుకు." ముసలమ్మ కళ్ళు మూసుకుంది. "నన్ను కూమ చోట్లో పెట్టు. కత్తెర కూడా తీసుకురా. ఆవిడకి చూపించాలి, పోగొట్టలేదని."

మిలుంక మంచం పట్టె మీద కూచుని ముసలమ్మ గోళ్ళు తీసింది. ఎవరి బతుకులోనూ ఇంత చిన్న కోరిక ఉండదు. దాన్ని కూడా కాదనడానికి ఒక ప్రెసిడెంటు, ఒక మేడమ్, ఒక పాలరాతి చౌరస్తా కావలసొచ్చాయి. మిలుంకకి కన్నీళ్ళు రాలేదు, ఒళ్ళు మండింది. గోళ్ళ ముక్కలు కాగితంలో చుడుతూ చాలాసేపు కిటికీలోంచి మొగుణ్ణి చూసింది. వాడు కాయలు తిప్పుతున్నాడు. ఉన్నట్టుండి ఆమె మొహం తేటపడింది.

"అత్తా, రేపు వెళ్ళి సంతకం పెట్టేస్తాను. తవ్వుకోమంటాను."

క్రూనియ కళ్ళు తెరిచి కోడల్ని చూసింది. అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తరవాత పళ్ళు లేని నోటితో నవ్వింది, ఆయాసం వచ్చేదాకా నవ్వింది.

"లోతుగా తవ్వమను," అంది.

మంగళవారం స్రెతెన్‌గారు మిలుంక కోసం కాఫీ తెప్పించాడు. పెన్ను మూత తనే తీసి ఇచ్చాడు.

"నాకు తెలుసు చెల్లెమ్మా, నీకు చరిత్ర అంటే గౌరవం ఉంది."

"ఉందండీ. అందుకే చెబుతున్నా, పైపైన గీకి వదిలెయ్యకండి. పాతకాలం వాళ్ళు లోతుగా పూడ్చేవారు. నిలువెత్తు దాటి తవ్వించండి."

"తప్పకుండా."

"వెడల్పు కూడా బాగా ఉండాలి. గోడలు జారి ఎముకలు నలిగితే అతిథుల ముందు మీకే నామర్దా."

"చూశావా ల్యుబిత్సా, ఎంత ఆలోచిస్తోందో!" అన్నాడు స్రెతెన్‌గారు.

మేడమ్ ఆమె నెత్తికి జానెడు పైన చూస్తూ మెచ్చుకోలుగా తలాడించింది. మిలుంక కాఫీ చివరి చుక్కదాకా తాగింది. మునిసిపాలిటీ సొమ్ము ఎప్పుడోగాని నోటిదాకా రాదు.

గురువారం తెల్లవారుతుండగా క్రూనియ పోయింది. పెద్ద హడావిడి చెయ్యలేదు. మంచినీళ్ళడిగి, అవి వచ్చేలోగా వెళ్ళిపోయింది. మిలుంక అద్దాలకి గుడ్డలు కప్పింది, కిటికీ తెరిచింది, విదోయెని చర్చి గంట కొట్టించమని పంపింది. ముసలమ్మ తన చావు బట్టలు తానే మూటకట్టి ఉంచుకుంది: నల్ల గౌను, ఊలు మేజోళ్ళు, ఎప్పుడూ తొడగని చెప్పులు. పక్కింటి ఆడవాళ్ళు సమాధి దగ్గర పంచే గోధుమలు ఉడికించడానికి కూచున్నారు.

"ఎక్కడ పూడుస్తున్నారు?" అని అడిగారు.

"రేపు చెబుతాను," అంది మిలుంక.

శుక్రవారం ఎండెక్కాక సమాధి దగ్గర అందరూ చేరారు. స్రెతెన్‌గారు నల్ల కోటులో, ల్యుబిత్స మేడమ్ నల్ల చేతితొడుగుల్లో, ఫాదర్ జివోయిన్ ధూపంతో. ఎముకల కోసం నగిషీ పెట్టె ఒకటి తెచ్చారు, లోపల తెల్ల పట్టు. త్సోలె, ఇంకో మనిషి పారలు పట్టారు. మిలుంక రాయి పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. విదోయె ఆమె వెనక సగం కనబడేలా నిలబడ్డాడు.

మోకాలి లోతు, నడుం లోతు, భుజాల లోతు. పసుపు మట్టి గట్టిగా, పెళ్ళలు పెళ్ళలుగా వస్తోంది. ఫాదర్ ధూపం రెండుసార్లు ఆరిపోయింది. చివరికి త్సోలె తల కూడా గుంటలోకి దిగిపోయింది. చెక్క ముక్క లేదు, మేకు లేదు, బొత్తాం లేదు. కొండను తవ్వితే కనీసం ఎలుక దొరుకుతుందంటారు. వీళ్ళకి అదీ లేదు.

"ఇంకొంచెం లోతుగా ఉందేమో," అన్నాడు స్రెతెన్‌గారు. 

లోపల్నించి త్సోలె గొంతు వినిపించింది. "ఇంకొంచెం తవ్వితే వాళ్ళ ఊళ్ళోనే తేలతాం ప్రెసిడెంటుగారూ."

"ఈ నేలలో పులుపు ఎక్కువ," అంది మేడమ్. ఆవిడ చూపు మొదటిసారి జానెడు కిందికి దిగి గుంటలో పడింది. "ఎముకలు కరిగిపోయే అవకాశం ఉంది."

"బొత్తాలు కూడానా?" అని అడిగింది మిలుంక.

స్రెతెన్‌గారు చుట్టూ చూశాడు. తేలు కుట్టిన దొంగకి కూడా అంతకంటే కొంచెం స్వేచ్ఛ ఉంటుంది. రేపు పొద్దున అతిథులు, బ్యాండు, పేపరువాళ్ళు. ఆయన వంగి, గట్టు మీది మట్టి రెండు గుప్పిళ్ళు తీసి పట్టు మీద పోశాడు. మూత వేశాడు.

"పవిత్ర మృత్తిక," అన్నాడు. "అందరూ విన్నారు కదా? పవిత్ర మృత్తిక. త్సోలె, పైకి రా. పూడ్చెయ్యి."

"పూడ్చకు," అంది మిలుంక.

గట్టిగా అనలేదు. త్సోలె మాత్రం పార ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగాడు.

"మా ఇంట్లో శవం ఉంది. ఇదేమో తెరిచిన గుంట. తెరిచిన గుంటని ఖాళీగా పూడిస్తే అది ఊళ్ళో ఇంకొకళ్ళని అడుగుతుందని పెద్దలంటారు. ఎవరు తవ్వించారో ముందు వాళ్ళ గుమ్మం తడుతుందిట. నేను నమ్ముతానని కాదు. మీ ఇష్టం."

స్రెతెన్‌గారు ఫాదర్ వైపు చూశాడు. ఫాదర్ జివోయిన్ చదువుకున్న మనిషి, ఇలాంటివి మూఢత్వమని ఆదివారం ఆదివారం చెబుతాడు. ఇప్పుడు మాత్రం ధూపం ఊదుకుంటూ ఉండిపోయాడు. ఆయనకి క్రూనియ చేతి ప్లమ్ సారా అంటే ఇష్టం.

"ఇది రక్షిత స్థలం..." అని మొదలుపెట్టింది మేడమ్.

"దేన్ని రక్షిస్తున్నారు మేడమ్?"

మేడమ్ చేతితొడుగులు సర్దుకుంది. స్రెతెన్‌గారు మిలుంకని పక్కకి పిలిచాడు. భుజం తట్టబోయి మానేశాడు.

"రేపు అతిథుల ముందు నువ్వేమీ..."

"నాకేం పని? మా అత్త అంత్యక్రియలున్నాయి."

"అనుమతి సాయంత్రానికి పంపిస్తాను."

"ఇప్పుడే రాసివ్వండి. కత్తెర కూడా కావాలి."

"కత్తెరతో రేపు రిబ్బను కొయ్యాలమ్మా! కార్డుల్లో అచ్చేశాం."

"కోసుకోండి. కోశాక ఇవ్వండి."

అప్పుడు విదోయె వెనకనుంచి ఒక్క అడుగు ముందుకొచ్చాడు. టోపీ తియ్యలేదు. "ఆ అంకె కూడా," అన్నాడు. "తీయించాలండీ. మా అమ్మ అడిగింది." 

మిలుంక మొగుడి వంక ఆశ్చర్యంగా చూసింది. పాతికేళ్ళ కాపురంలో వాడు ఆమెకి చేసిన గొప్ప మర్యాద అదే.

శనివారం చౌరస్తాలో స్రెతెన్‌గారు చాలాసేపు మాట్లాడాడు. వీరనారి ఈ మట్టిలో కలిసిపోయిందని చెప్పాడు. అది మాత్రం అబద్ధం కాదని, మట్టి తప్ప పెట్టెలో ఇంకేం లేదని వెనక వరసలో త్సోలె గొణిగాడు. ఎడింబరో నుంచి వచ్చిన పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. ఆవిడ తప్పేం లేదు పాపం. ఆ తర్వాత ప్రెసిడెంటు మఖ్మలు దిండు మీదనుంచి కత్తెర తీసుకుని రిబ్బను మీద పెట్టాడు. కట్లు కొయ్యడానికి పుట్టిన కత్తెర, పైగా మూడేళ్ళుగా బీరువాలో ఉంది. రిబ్బను తెగదు. నలిగింది, పీచులు లేచింది, మళ్ళీ నలిగింది. స్రెతెన్‌గారు చిరునవ్వు చెదరకుండా రెండు చేతులతో నొక్కాడు. చివరికి తెగిందో, చిరిగిందో, రెండు ముక్కలయింది. చప్పట్లు.

నల్లబట్టల్లో ఉన్న మిలుంక జనం మధ్యనుంచి నడిచొచ్చి, దిండు మీదనుంచి కత్తెర తీసుకుని, దానికి అంటుకున్న ఎర్ర పీచు ఊదేసి, రుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయింది. ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని ఎడింబరో పెద్దావిడ ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టింది. ల్యుబిత్స మేడమ్ కూడా కొట్టక తప్పలేదు.

బ్యాండువాళ్ళకి సాయంత్రం దాకా కూలి ఇచ్చి ఉంది. ఖాళీగా కూచోవడం ఇష్టం లేక శవయాత్ర వెనక నడిచారు. ఊళ్ళో ఏ ముసలమ్మకీ జరగనంత ఘనంగా క్రూనియ వెళ్ళింది, మునిసిపాలిటీ తవ్వించిన గోతిలోకి, నిలువెత్తు లోతు, వెడల్పు కూడా తక్కువ కాకుండా. శవపెట్టె మూసేముందు మిలుంక ముసలమ్మ అరచేతి కింద కత్తెర పెట్టింది. ఫాదర్ గోధుమల మీద సారాయి పోశాడు. మట్టి పడుతుంటే విదోయె పెద్దగా ఏడ్చాడు. అప్పుడు మిలుంకకి కూడా ఏడుపొచ్చింది, మూడు రోజులది ఒకేసారి.

సోమవారం రాతిపనివాడు వచ్చాడు. క్రూనియ పేరు చెక్కడానికి రాయి కింద భాగంలో చోటు సరిపోయింది. తరవాత 1915 మీద చిన్న ఉలి పెట్టి, బంగారు రంగు రాలేదాకా, అంకెల గాట్లు మాసిపోయేదాకా గీకాడు. అక్కడ రాయి కొంచెం పల్లమయింది.

ఉలి తుడుచుకుంటూ అడిగాడు. "ఈవిడకి ఏ ఏడు వెయ్యమంటావమ్మా?"

"ఏమీ వెయ్యకు. ఖాళీగా ఉంచు."

"అదేంటమ్మా. పుట్టింది 1879లో. ఎక్కడున్నా ఎప్పుడో పోయే ఉంటుంది కదా."

"పోయే ఉంటుంది," అంది మిలుంక, గుడ్డ తడుపుకుని పల్లంలోని రాతిపొడి తుడుస్తూ. "మాకింకా కబురు రాలేదు."